తలుపు తట్టే పటం, ఐదుగురు జ్ఞానులు, తప్పిపోయిన గొర్రె

ప్రశ్న: టీచరమ్మ గారికి వందనాలు. నా పుట్టిల్లు ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్). అత్తగారింట్లో వేరే సంఘానికి పోతారు. పెళ్ళప్పుడు మా అమ్మ ఇచ్చిన పటం ఒకటి హాల్లో తగిలించాను. యేసు ప్రభువు రాత్రిపూట లాంతరు పట్టుకొని తలుపు తట్టే బొమ్మ అది. గృహ ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు నిర్గమకాండం 20 చదివి, ఇది విగ్రహమే, తీసెయ్యండి అన్నారు. అత్తమ్మ అప్పటికప్పుడు తీసి బీరువా వెనక పెట్టింది. అమ్మకు ఫోన్లో చెప్తే ఏడ్చింది. నాకు ఇద్దరి మధ్య టెన్షన్‌గా ఉంది. ఎవరిది తప్పు?
- ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, అత్తమ్మకూ అమ్మకూ తీర్పు చెప్పే పని నాకొద్దు. పాస్టరుగారు తెరిచిన అధ్యాయం దగ్గరే మొదలుపెడదాం. 4వ వచనం రూపాన్ని చేసుకోవద్దంటుంది. 5వ వచనం వాటికి సాగిలపడొద్దు, పూజించొద్దు అంటుంది. ఈ రెంటినీ కలిపే చదవాలి. ఎందుకంటే ఐదు అధ్యాయాలు దాటగానే, 25లో, మందసం (ఆజ్ఞల పలకలు దాచే పెట్టె) మూత మీద రెండు బంగారు కెరూబులను, అంటే రెక్కల దూతలను, చేయమని చెప్పింది కూడా ఆ దేవుడే. బొమ్మ చేయడమే పాపమైతే ఆ మాట వచ్చేదే కాదు.

అట్లని పాస్టరుగారి భయాన్ని కొట్టిపారేయలేం. సంఖ్యాకాండం 21లో పాములు కరిచి జనం చస్తుంటే, దేవుడు చెప్పినట్టే మోషే ఇత్తడి సర్పం చేసి స్తంభం మీద పెట్టాడు. దాన్ని చూసినవాళ్ళు బతికారు. అక్కడితో ఆపితే మీ అమ్మ గెలిచినట్టే. కానీ రెండవ రాజులు 18:4 తీయి. కొన్ని వందల ఏళ్ళ తర్వాత హిజ్కియా రాజు ఆ సర్పాన్నే ముక్కలు చేయించాడు, జనం దానికి ధూపం వేస్తున్నారని. దేవుడు చేయించిన బొమ్మను దేవుడు మెచ్చిన రాజే పగలగొట్టించాడన్నమాట! మళ్ళీ యోహాను 3:14కు వస్తే, తాను సిలువ మీద ఎత్తబడతానని చెప్పడానికి యేసు ఆ సర్పాన్నే గుర్తుచేశాడు. నా సండే స్కూల్ పిల్లలతో ఈ మూడు చోట్లనూ ఒక్క పూటలోనే చదివిస్తాను. విడదీస్తే ఒక్కో వచనం ఒక్కో పార్టీకి జెండా అయిపోతుంది.

మీ ఇంటి గొడవ కొత్తదేమీ కాదు. క్రీ.శ. 600 ప్రాంతంలో మార్సేయి బిషప్ సెరెనస్ గుళ్ళోని బొమ్మలు పగలగొట్టిస్తే, రోములోని పోపు గ్రెగొరీ ఆయనకు ఉత్తరం రాశాడు. జనాన్ని పూజ చేయనివ్వనందుకు మెచ్చుకుంటూనే, పగలగొట్టినందుకు మందలించాడు. అక్షరం రానివాళ్ళు పుస్తకంలో చదవలేనిది గోడ మీద చదువుకుంటారన్నది ఆయన వాదం. 787లో నైసియాలో జరిగిన రెండవ బిషప్పుల సభ, పటానికి చేసే మర్యాద అందులో ఉన్నవారికి చెందుతుందనీ, ఆరాధన మాత్రం దేవుడికొక్కడికే అనీ తీర్మానించింది. ఆర్.సి.ఎం. వాళ్ళు ఇప్పటికీ చెప్పేది అదే. 16వ శతాబ్దంలో సంస్కరణ వచ్చి ప్రొటెస్టెంట్లు రోము నుంచి విడిపోయాక జ్యూరిక్ లాంటి ఊళ్ళలో గుళ్ళన్నీ ఖాళీ చేసి సున్నం కొట్టారు. మీ అత్తమ్మ బీరువాకు వెనకాల అంత చరిత్ర ఉంది.

ఇక అసలు పటం సంగతి. ఈ తరహా బొమ్మల్లో బాగా పేరు పడ్డది ఇంగ్లండు చిత్రకారుడు హోల్మన్ హంట్ 1850ల్లో పూర్తి చేసినది. అది ఆక్స్‌ఫర్డులోని కీబుల్ కాలేజీలో ఉంది. ఆయనే పెద్దయ్యాక వేసిన ఇంకా పెద్ద పటం లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఉంది. అందులో తలుపుకు బయటివైపు పిడి ఉండదు. గడప దగ్గర పిచ్చిమొక్కలు, తలుపు మీదికి పాకిన తీగ. అంటే ఆ తలుపు ఏళ్ళ తరబడి తెరవలేదు, తెరవాల్సింది లోపలివాళ్ళే. నీ పటాన్ని బీరువా వెనక నుంచి ఒక్కసారి బయటికి తీసి పిడి ఉందో లేదో చూడు.

చూశాక బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథం 3:20 చదువు: "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను." సువార్త కూటాల్లో ఈ వచనాన్ని ఇంకా నమ్మనివాళ్ళకు పిలుపుగా చెప్తుంటారు. చెప్పొద్దనను. కానీ ఆ వచనం ఒక ఉత్తరంలోది. ఆ ఉత్తరం ఎవరి పేరు మీద ఉంది? లవొదికయ సంఘం పేరు మీద. ఇప్పటి టర్కీలో ఉండే ధనిక పట్టణం అది. క్రీ.శ. 60లో భూకంపానికి కూలిపోతే రోము సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్ళీ కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. మాకేమీ కొదువ లేదు అనుకున్న ఆ సంఘాన్నే ప్రభువు నులివెచ్చని వాళ్ళని తిట్టి, ఆ తర్వాత తలుపు తట్టాడు. లోపల ఉన్నది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే, ఆయనే బయట నిలబడ్డాడు. నన్నడిగితే ఈ పటం తగిలించాల్సింది వీధిలో కాదు, మన గుళ్ళలో, కమిటీ మీటింగులు జరిగే గదిలో.

పని మాట చెప్తాను. రోమా పత్రిక 14లో పౌలు తిండి విషయంలో ఏమన్నాడో నువ్వూ అత్తమ్మా కలిసి చదవండి: తినేవాడు తిననివాణ్ణి తక్కువ చేయొద్దు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దు. అత్తమ్మ మనసు నొచ్చుకుంటుంటే హాల్లోనే పెట్టాలని పట్టుబట్టొద్దు. నీ గదిలో పెట్టుకో. దండ వేయొద్దు, దీపం పెట్టొద్దు. అప్పుడు పాస్టరుగారు కూడా హిజ్కియాలా పగలగొట్టించాల్సిన అవసరం రాదు. అమ్మకు మాత్రం పటం భద్రంగా ఉందని ఈరోజే చెప్పు.

ప్రశ్న: క్రిస్మస్ డ్రామాలో ముగ్గురు జ్ఞానుల వేషాలకు ఐదుగురు పిల్లలు పోటీ పడుతున్నారు. ఏం చేయాలి? ఒకరికి ముఖానికి నల్లరంగు పూయడం మా ఊళ్ళో ఆనవాయితీ. అది బైబిల్లో ఉందా?
- సండే స్కూల్ టీచరు, గుంతకల్లు

జవాబు: ఐదుగురినీ ఎక్కించండి. బాలయేసును చూడడానికి కానుకలతో వచ్చిన జ్ఞానులు ఎందరో మత్తయి సువార్త 2లో లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురని లెక్క కట్టారు, అంతే. రోము నగరం కింద ఉన్న పాత సమాధి గదుల గోడల మీద ఒకచోట ఇద్దరిని, ఇంకోచోట నలుగురిని వేశారు. సిరియా వైపు సంఘాల్లో పన్నెండు మంది అనే వాడుక ఉంది. మీ ఐదుగురికి అడ్డమేముంది? మిగిలిన ఇద్దరి చేతుల్లో ఏం పెట్టాలంటారా, ఒకడు నక్షత్రం చూపిస్తాడు, ఇంకొకడు ఒంటెను పట్టుకుంటాడు. ఆ ఒంటె కూడా మత్తయిలో లేదు లెండి, యెషయా 60 నుంచి వచ్చింది. రాజుల కిరీటాలు కూడా అక్కడి నుంచీ, కీర్తన 72 నుంచీ వచ్చినవే.

నల్లరంగు మానేయండి. అది బైబిల్లో లేదు. ముగ్గురిలో ఒకరిని ఆఫ్రికా మనిషిగా వేయడం మధ్యయుగాల చివర్లో యూరపు చిత్రకారులకు అలవాటైంది. మనందరం ఇన్ని రంగుల్లో ఉన్న ఊళ్ళో ఒక పిల్లాడి ముఖానికి మసి పూసి నవ్వించడం నాకు ససేమిరా నచ్చదు.

ఇంకొకటి. జ్ఞానులు వచ్చింది పశువుల పాకలోకి కాదు, "ఇంటిలోనికి" అని మత్తయి రాశాడు. వాళ్ళు గొర్రెల కాపరులతో పాటు పశువుల తొట్టి దగ్గర నిలబడటం డ్రామాకు సౌకర్యం. రెండు సీన్లు చేయగలిగితే చేయండి. లేదంటే ఉన్నదాన్నే కానివ్వండి. ఎద్దు, గాడిద గురించి లూకా కూడా ఒక్క మాట అనలేదు. యెషయా 1:3లో తమ యజమానిని ఎరిగిన ఎద్దూ గాడిదా ఉన్నాయి కదా, అక్కడి నుంచి నడిచొచ్చాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజం ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి క్రిస్మస్ చేశాడు. మీ స్టేజీ మీద ఆ ప్రయోగం వద్దు.

ప్రశ్న: మాది గొర్రెలు మేపే ఇల్లు. నేను ఈమధ్యనే నమ్ముకొని గుడికి పోతున్నాను. తప్పిపోయిన గొర్రె కథ ఇంట్లో చదివితే మా నాయన నవ్వుతాడు. ఒక్కదాని కోసం తొంభై తొమ్మిదింటిని అడవిలో ఇడిచిపెట్టి పోయేటోడు కాపరేనా, తోడేలు చేతికి ఇచ్చినట్టు కాదా అంటాడు. ఏం చెప్పాలి?
- ఒక యువకుడు, కళ్యాణదుర్గం

జవాబు: నాయనా, మీ నాయన నవ్వు నాకు చాలా నచ్చింది. ఈ కథ విని ఏమీ తోచకుండా తలూపే మాలాంటి టౌను వాళ్ళకంటే ఆయన దగ్గరగా విన్నాడు. లూకా 15 మొదట్లో చూడు. యేసు పాపులతో కలిసి తింటున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు అనే యూదు మతపెద్దలు సణుగుతుంటే వాళ్ళతో చెప్పిన కథ ఇది. "మీలో ఎవరైనా" అని మొదలుపెట్టాడు. గొర్రెలు కాయడం తక్కువ పని అనుకునేవాళ్ళను కాపరి స్థానంలో నిలబెట్టాడు! లెక్క చూసుకునేవాడు ఒకటి పోతే పోయిందిలే అంటాడు. ఈ కాపరి లెక్క అది కాదు. కథలోని వింత అక్కడే ఉంది. దాన్ని సర్దిచెప్పాలని చూడొద్దు. నూరు గొర్రెల మందకు ఇంకో మనిషి తోడుండే ఉంటాడని కొందరు పండితులు అంటారు. ఉండొచ్చు. కానీ లూకా ఆ రెండో మనిషిని చెప్పలేదు.

మందిరాల్లో కనిపించే తెల్లటి ఉన్ని గొర్రెల బొమ్మలు చూసి నువ్వు తికమక పడొద్దు. అవి యూరపు మందలు. మీ ఇంటి నల్ల గొర్రెల్ని తలుచుకునే చదువు, కథకేమీ లోటు రాదు. రోములోని పాత సమాధి గదుల్లో 3వ శతాబ్దం నాటి బొమ్మల్లో కాపరికి గడ్డం కూడా ఉండదు. పొట్టి అంగీ వేసుకున్న కుర్రాడు, గొర్రెను మెడ మీద వేసుకొని దాని కాళ్ళు ముందువైపు పట్టుకొని ఉంటాడు. అచ్చం మీ ఊరి కుర్రాడిలా.

కథ చివర ఆ కాపరి ఇంటికొచ్చి స్నేహితుల్నీ పొరుగువాళ్ళనూ పిలుస్తాడు. దొరికిన సంబరంలో విందు పెడితే ఇంకో గొర్రె పోతుంది కదా అని కూడా మీ నాయన అంటాడేమో, అననీ. ఆయన్ను నా తరఫున ఒకటి అడిగి రాయి. లూకాలో కాపరి ఆ గొర్రెను తోలుకురాలేదు, భుజాల మీద వేసుకొచ్చాడు. ఒంటరిగా చాలాసేపు తిరిగి బెదిరిపోయిన గొర్రె నిజంగానే నడవనని మొరాయిస్తుందా? జవాబు వస్తే వచ్చే సంచికలో వేస్తాను.