పూటకి ఒక్క బొమ్మ చాలు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో 'తాతయ్యా, ఇంటర్నెట్‌లో ఒక్కరోజులో నాలుగు మ్యూజియాలు చూసేశాను' అన్నావు. ఏం చూశావే అంటే నీళ్లు నమిలావు. తిట్టడానికి రాయడం లేదులే. 2011లో మ్యూజియాల్లోని బొమ్మల్ని ఇంటర్నెట్‌లో చూపించే గూగుల్ ఆర్ట్ ప్రాజెక్ట్ వచ్చిన కొత్తలో నేనూ అంతే. 17 మ్యూజియాలు ఒకేసారి ఇంట్లోకొచ్చి పడేసరికి అర్ధరాత్రి దాటిందాకా నొక్కుతూ కూర్చున్నాను. తెల్లారి చూస్తే ఒక్క బొమ్మా గుర్తులేదు.

అందుకే, కూర్చున్న పూటకి ఒక్క బొమ్మే పెట్టుకో. తెరవగానే వేళ్లతో సాగదీయకు. మొత్తం బొమ్మని ఓ ఐదు నిమిషాలు ఊరికే చూడు. తర్వాత కింద రాసిన కొలతలు చదువు. వాటినెవరూ పట్టించుకోరు గానీ, తెర మీద అన్నీ ఒకే సైజులో కనబడి మోసం చేస్తాయి. రెంబ్రాంట్ వేసిన 'నైట్ వాచ్' బొమ్మ వెడల్పే నాలుగున్నర మీటర్లు. వాన్ ఐక్ వేసిన ఆర్నాల్ఫిని దంపతుల బొమ్మ ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60. టేపు తీసి గోడ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకో. మీ అమ్మ కేకలేస్తే నా పేరు చెప్పు.

ఇప్పుడు దగ్గరికెళ్లు. ఆ దంపతుల మధ్య, వెనక గోడకి ఓ గుండ్రటి ఉబ్బెత్తు అద్దం ఉంటుంది. అసలు బొమ్మలో అది అరచేతిలో పట్టేంతే. పెద్దది చేసుకుంటూ పో. వాళ్లిద్దరి వీపులు కనిపిస్తాయి, వాళ్లకి అవతల గుమ్మంలో మరో ఇద్దరు. అద్దం చుట్టూ చెక్కలో పది బుల్లి బిళ్లలు, ఒక్కోదాంట్లో క్రీస్తు కథలోంచి ఓ ఘట్టం! పైన గోడ మీద లాటిన్‌లో 'యాన్ వాన్ ఐక్ ఇక్కడున్నాడు, 1434' అని సంతకం.

దగ్గరికెళ్లినంత శ్రద్ధగా వెనక్కీ రావాలి. వెర్మీర్ వేసిన ముత్యపు పోగు అమ్మాయి బొమ్మని తీసుకో. చెవి దగ్గరికి వెళ్తే ముత్యమే ఉండదు. పైన ఓ చిక్కటి తెల్లరంగు మచ్చ, కింద కాలరు తెలుపు పడిన మసక నీడ, అంతే. తగిలించుకునే కొక్కెం కూడా వేయలేదాయన. మెల్లగా వెనక్కొస్తూ ఉండు. ఏ క్షణాన అది ముత్యమైందో పట్టుకోగలవేమో చూడు. నాకింకా దొరకలేదు.

2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం నైట్ వాచ్‌ని 8,439 ఫొటోలు తీసి అతికించి, 71,700 కోట్ల పిక్సెళ్ల బొమ్మ చేసింది. అంత బరువు మన కంప్యూటర్ మోయగలదా అని భయపడకు. బొమ్మని ముక్కలుగా కోసి ఉంచుతారు, నువ్వు చూసే ముక్కలే వస్తాయి. మసగ్గా ఉంటే కాస్త ఆగు, తేటపడుతుంది. నన్నడిగితే మరీ చివరిదాకా వెళ్లక్కర్లేదు. అక్కడ రంగు రేణువులూ పగుళ్లే. అవి బొమ్మకి మరమ్మతు చేసేవాళ్లకి కావాలి.

ఇంకోటి, ఫోన్‌లో నైట్ మోడ్ తీసెయ్. ఓ బొమ్మలో తెలుపంతా పచ్చబడిందని, పాత వార్నిష్ మహిమని ఓ స్నేహితుడికి అరగంట ఉపన్యాసమిచ్చాను. తీరా చూస్తే ఆ పసుపు నా ఫోన్‌ది.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఆర్నాల్ఫిని గదిలో కొవ్వొత్తులు ఎన్ని వెలుగుతున్నాయో, విడిచిన చెప్పులు ఎక్కడెక్కడున్నాయో చెప్పాలి. బొమ్మ తెరిచి చూసుకుంటూ చెబితే కుదరదు.

మీ తాతయ్య