నామినీ అయినంత మాత్రాన డబ్బు అన్నయ్యదే అవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు నాలుగు నెలల క్రితం చనిపోయారు. వీలునామా రాయలేదు. ఆయన సొంత సంపాదనతో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లకు అన్నయ్య నామినీ. "కాగితంలో నా పేరుంది, డబ్బు నాదే" అంటున్నాడు. నాన్నగారి పేరున పర్సనల్ లోన్ కూడా బాకీ ఉంది. మేం హిందువులం. ఇంట్లో అమ్మ, నాన్నమ్మ, అన్నయ్య, నేను ఉన్నాం. నాకు పెళ్లయింది. నాకు వాటా ఉందా? ఆ అప్పు మేమే తీర్చాలా?

జవాబు: మీకు వాటా ఉందమ్మా. పెళ్లయినా ఆ హక్కు పోదు.

నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషి, అంతే. వారసులందరి తరఫున తీసుకుని, ఎవరి వాటా వాళ్లకు ఇవ్వాలి. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది. నామినీకి డబ్బిస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది కానీ, వారసుల హక్కు తీరిపోదు.

ఇక వాటాలు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు, కూతురు, భార్య, తల్లి మొదటి తరగతి వారసులు. అంటే మీ నలుగురికీ తలా నాలుగో వంతు. నాన్నమ్మ పేరు ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, కొడుకును పోగొట్టుకున్న ఆ పెద్దావిడను లెక్కలోకి తీసుకోకుండా పంపకాలు చేసేసుకున్న కుటుంబాలను చాలా చూశాను. ఆమె చేత వేలిముద్ర వేయించుకుని పక్కన పెట్టేస్తారు. దయచేసి మీ ఇంట్లో అలా జరగనివ్వకండి. ఆమె వాటా వదులుకోవాలనుకుంటే అది ఆమె ఇష్టం, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాకే.

అప్పు సంగతికొస్తే, నాన్నగారు వదిలి వెళ్లిన ఆస్తి మేరకే మీ బాధ్యత. అంతకుమించి మీ జీతంలోంచి, మీ సొంత ఆస్తిలోంచి కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు లేదు. మీలో ఎవరైనా హామీదారుగా సంతకం పెట్టి ఉంటే మాత్రం వాళ్ల పరిస్థితి వేరు. లోన్‌కు బీమా ఉందేమో ముందు అడగండి. పంపకాలకు ముందే అప్పు తీర్చేస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది: మరణ ధ్రువపత్రం కాపీలు తీసుకోండి, తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. నామినీ ఉన్నాడు కాబట్టి ఈ డిపాజిట్లకు వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టుకు వెళ్లే పని సాధారణంగా ఉండదు. నామినీ లేని ఖాతాలకు బ్యాంకు దాన్ని అడగవచ్చు. నాన్నగారి ఏటీఎం కార్డు ఇంట్లో ఎవరూ వాడకూడదు, ఆసుపత్రి బిల్లు కోసమైనా సరే.

అన్నయ్యతో ముందు అమ్మ సమక్షంలో మాట్లాడండి. చాలామంది నామినీ అంటే యజమానే అని నిజంగానే నమ్ముతారు, చట్టం తెలిస్తే సర్దుకుంటారు. ఒప్పుకుంటే వాటాలు కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి. ఒప్పుకోకపోతే లాయర్ నోటీసు ఇచ్చి, డబ్బు ఖర్చు కాకముందే సివిల్ కోర్టులో భాగాల కోసం దావా వేసి, ఇంజంక్షన్ (డబ్బు ఖర్చు చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) అడగండి. ఈలోగా ఖాళీ కాగితాల మీద గానీ, చదవని పత్రాల మీద గానీ సంతకం పెట్టకండి.