పెన్షన్ కోసం ఢిల్లీకి రాయాలా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా అమ్మకి 72 ఏళ్లు. వేలిముద్ర పడట్లేదని రెండు నెలల నుంచి పెన్షన్ ఇవ్వట్లేదు. ఢిల్లీలో సామాజిక న్యాయం, సాధికారత శాఖ అని ఉందట, సంక్షేమం అంతా వాళ్లదే కదా అక్కడికి రాసేద్దాం అంటున్నాడు మా తమ్ముడు. రాయమంటారా? అమ్మకి చెవులు కూడా సరిగ్గా వినపడవు, మిషన్‌కి 20 వేలు అడుగుతున్నారు.
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: తమ్ముడిని ఏమనకండమ్మా, 1998 దాకా ఆ శాఖ పేరే సంక్షేమ శాఖ, పేరు మార్చాక 1999లో గిరిజనుల పని, 2006లో మైనారిటీల పని విడదీసి వేరే శాఖలు పెట్టేశారు, ఇప్పుడు ఎస్సీలు, బీసీలు, దివ్యాంగులు, పెద్దవాళ్లు, మత్తు మాన్పించడం లాంటివి మిగిలాయి. పెద్దవాళ్లు అందులోనే ఉన్నా వాళ్ల పెన్షన్ మాత్రం కాదు, అదే తమాషా! 1995 నుంచి కేంద్రం ఇచ్చే పెన్షన్ గ్రామీణాభివృద్ధి శాఖ చూస్తుంది, అదీ 79 ఏళ్ల దాకా నెలకి 200, 80 నిండితే 500. మన దగ్గర అమ్మకి వచ్చే 4000లో మిగతాదంతా రాష్ట్రం డబ్బే. కాబట్టి ఢిల్లీ వదిలేసి రేపే మీ ఊరి సచివాలయానికి వెళ్లి వెల్ఫేర్ అసిస్టెంట్‌ని పట్టుకోండి, వేలిముద్ర అరిగిపోతే కనుపాపతోనో ముఖంతోనో చెయ్యమనండి. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే ఊళ్లో లేరని ఆపేస్తారు, మీకు రెండు అయిపోయాయి, ఆలస్యం చెయ్యకండి.

చెవి మిషన్‌కి మాత్రం తమ్ముడు చెప్పిన శాఖే దిక్కు. వాళ్లది వయోశ్రీ అని ఒక పథకం ఉంది, 2017లో మన నెల్లూరులోనే మొదలైంది, 60 దాటి బీపీఎల్ అయినా నెలకి 15 వేల లోపు ఆదాయమైనా చెవి మిషన్, చేతికర్ర, కళ్లజోడు, పళ్ల సెట్టు లాంటివి ఫ్రీగా ఇస్తారు, ఇలాంటి వస్తువులు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ కంపెనీ, కాన్పూర్ అలిమ్కో వాళ్లు క్యాంపులు పెడతారు. ఒక క్యాంపులో పరీక్ష చేసి పేరు రాసుకుంటారు, వస్తువు ఇచ్చేది ఇంకోసారి, చాలామంది మొదటిసారి వట్టి చేతులతో వచ్చి ఇక ఆ వైపు వెళ్లరు. మీరలా చెయ్యకండి.

మిషన్ వచ్చాక కూడా కథ ఉంటుంది. మా పెద్దమ్మది పోపుల డబ్బాలో మెంతుల పక్కన పడుంది, చెవిలో సరిగ్గా కూర్చోక కీచుమంటోందని తీసి పెట్టేసింది. కొలత సరిపోయే దాకా అక్కడే మార్పించుకోండి. బటన్ బ్యాటరీల మీద స్టిక్కర్ ఉంటే ముందే పీకొద్దు, పీకాక వాడినా వాడకపోయినా అయిపోతుంది.

క్యాంపు ఎప్పుడో జిల్లాలో దివ్యాంగులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో అడగండి. 14567 అని పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ కూడా ఉంది, ఫ్రీ, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. తమ్ముడు ఉత్తరం రాసే టైములో ముందు ఆ నంబర్ కొట్టమనండి.