సమాధానం: ‘ఫుషిగి’ ఆల్బమ్‌లో గొంతు సరిగ్గా వినిపించడం లేదు

సీడీ పాడైంది కాదు, నకిలీదీ కాదు. జపాన్ పాప్ గాయని అకినా నకమోరి 1986 ఆగస్టులో తెచ్చిన ‘ఫుషిగి’ని కావాలనే అలా మిక్స్ చేశారు. గొంతు మీద ప్రతిధ్వని దట్టంగా వేసి, వాద్యాల వెనక్కి నెట్టారు. జపనీస్‌లో ఫుషిగి అంటేనే ‘వింత’. ఆల్బమ్‌ను ప్రొడ్యూస్ చేసింది అకినాయే, అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. హిట్ సింగిల్ ఒక్కటి కూడా పెట్టలేదు.

అయినా స్పీకర్లు మార్చే ముందు ఇవి చూడండి:

1. అదే సెట్‌లో ఆమెదే ‘డిజైర్’ పాట పెట్టండి. అదీ 1986దే. అందులో గొంతు ముందుకొచ్చి స్పష్టంగా వినిపిస్తే మీ సెట్‌లో ఏ లోపమూ లేదు.

2. అందులోనూ గొంతు మాయమైతే ఇయర్‌ఫోన్ పిన్ను తీసి, టక్కుమనేదాకా లోపలికి నొక్కండి. చాలామంది వదిలేసేది ఇదే. పిన్ను సగమే దిగితే ఎడమ, కుడి శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి ముందు పోయేది అదే. వాద్యాలు మాత్రం బాగానే వినిపిస్తాయి, అందుకే అనుమానం రాదు.

3. స్పీకర్లయితే ఒకదాని ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. సరౌండ్ ఎఫెక్ట్ ఆపేయండి.

గొంతు స్పష్టంగానే కావాలంటే 1988లో వచ్చిన ‘వండర్’ అనే చిన్న ఆల్బమ్ వినండి. ‘ఫుషిగి’ పాటలే కొన్ని అందులో కొత్తగా చేశారు. నాకైతే మునిగిన గొంతే ఇష్టం, రాత్రిపూట లైట్లార్పి వినండి.