గేమ్ ఆడటం వేరు, ఆడేవాళ్లను చదవడం వేరు

ప్రశ్న: మా బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఫోన్ చేతికి దొరికితే బీజీఎంఐ గేమ్ తప్ప ఇంకేం పట్టదు. ఈమధ్య కొత్త పాట మొదలుపెట్టాడు. ఇంజినీరింగ్ వద్దట, సైకాలజీ చదివి గేమ్ కంపెనీలో చేరతాడట. గేములకీ సైకాలజీకీ సంబంధం ఏమిటండీ? ఆడుకోవడానికి వంక వెతుకుతున్నాడని వాళ్ల నాన్నగారి అనుమానం. ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెస్తే కొత్త ఫోన్ కొంటామని చెప్పి ఉంచాం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, అది వంక కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చుకునే దారి ఒకటుంది, చెబుతాను. కానీ సంబంధం ఏమిటని అడిగారు కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. సంబంధం ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధం.

2004లో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే గేమ్ ఉంది. దాన్ని పరీక్షించే దశలో, ఎక్కువసేపు ఆడినవాళ్లకు వచ్చే పాయింట్లు సగానికి తగ్గేలా పెట్టారు. జనం మధ్యమధ్యలో విశ్రాంతి తీసుకుంటారని కంపెనీ ఆశ. తీరా ఆటగాళ్లు మండిపడ్డారు. అప్పుడు డిజైనర్లు అదే లెక్కను తిప్పి చెప్పారు. తగ్గిన పాయింట్లే ‘మామూలు’ అయ్యాయి, మొదట్లో వచ్చేవి విశ్రాంతి తీసుకున్నందుకు ‘బోనస్’ అయ్యాయి. చేతికొచ్చేది అంతే, కానీ గొడవ సద్దుమణిగింది. వంద పోతే కలిగే బాధ, వంద వస్తే కలిగే సంతోషం కన్నా పెద్దదని కానమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. ఆ సూత్రం తెలిసినవాడు డిజైన్ టీమ్‌లో ఉంటే ఎంత పని జరుగుతుందో చూడండి.

మీ ఇంట్లో గొడవ బహుశా భోజనం దగ్గర వస్తుంటుంది. పిలిస్తే లేవడు. బీజీఎంఐలో పెద్ద మ్యాప్ మీద మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, స్క్వాడ్‌లో నలుగురుంటారు. మధ్యలో లేస్తే మిగతా ముగ్గురిని వదిలేసినట్టు. డెసీ, రయాన్ అనే పరిశోధకుల సిద్ధాంతం ప్రకారం మనిషిని లోపలి నుంచి నడిపించేవి మూడు: నా ఇష్టంతో చేస్తున్నాననే భావన, నాకు ఈ పని వచ్చనే నమ్మకం, నావాళ్లు ఉన్నారనే తోడు. 2006లో రయాన్, మరో ఇద్దరు కలిసి దీన్ని వీడియో గేములకు వర్తింపజేసి చూశారు. ఈ మూడూ దొరికిన చోట ఆటగాళ్లకు ఆనందమూ ఎక్కువే, మళ్లీ ఆడాలన్న కోరికా ఎక్కువే. ఉదయం నుంచి రాత్రి దాకా క్లాసు, స్టడీ అవర్, వీకెండ్ టెస్టుతో నడిచే ఇంటర్ పిల్లవాడికి ఈ మూడింటిలో కాలేజీలో ఎన్ని దొరుకుతున్నాయో మీరే లెక్కేయండి. నేను గేమును వెనకేసుకు రావడం లేదు. అతను లేవకపోవడానికి కారణం పొగరే అనుకోనక్కర్లేదు అంటున్నాను, అంతే.

ఇందులో చెడ్డ వైపూ ఉంది. గేములో డబ్బు పెట్టి తెరిచే క్రేట్లలో, అంటే బహుమతి పెట్టెల్లో, ఏం వస్తుందో ముందు తెలియదు. బహుమతి ఎన్నోసారి వస్తుందో తెలియనప్పుడే ప్రాణి ఆ పనిని వదలకుండా చేస్తుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద, ఎలుకల మీద ప్రయోగాలతో చూపించాడు. ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో దాని మీద పెద్ద గ్రంథమే వేశాడు. స్లాట్ మెషీన్ నడిచేదీ ఆ సూత్రం మీదే. బెల్జియం 2018లోనే ఇలాంటి పెట్టెలు కొన్నింటిని జూదం కింద లెక్కగట్టింది. కాబట్టి ఈ చదువు చదివినవాడు ఒకరోజు మీటింగులో కూర్చుని, పిల్లల చేత ఇంకో వంద ఖర్చు పెట్టించడమెలా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సి రావచ్చు. ఈ మాట మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. అతనేమంటాడో వినాలని నాకూ ఉంది.

ఇక కొత్త ఫోన్ మాట. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనేవాళ్లు బొమ్మలు గీయడం ఇష్టపడే నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొన్నాళ్లకు చూస్తే, ఆ పిల్లలు ఖాళీ సమయంలో గీయడం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చిన పిల్లలకు అలా జరగలేదు. మీవాడికి లెక్కలంటే ఇష్టమే అయితే, ఆ ఇష్టానికి ఫోన్‌ను ముడిపెట్టకండి. ఇచ్చిన మాట తప్పమని కాదు, ఇకపైన ఇలాంటి బేరాలు పెట్టకండి.

ఇప్పుడు తేల్చుకునే దారి. అతనికి ఒక పని అప్పజెప్పండి. ఎప్పుడూ గేములు ఆడని ఒకరి చేతికి, పిన్నిగారో మేనమామో ఎవరైనా సరే, అతనికి నచ్చిన గేమ్ ఇవ్వమనండి. పక్కన కూర్చుని అరగంట చూడాలి. నోరు మెదపకూడదు, ‘అక్కడ నొక్కు’ అనకూడదు. వాళ్లెక్కడ ఆగారు, ఎక్కడ విసుక్కున్నారు, ఏ బటన్‌ను చూడనే లేదు, అన్నీ నోట్‌బుక్‌లో రాయాలి. చివర్లో, ఈ గేములో ఒక్కటి మార్చే వీలుంటే ఏం మారుస్తావు, ఎందుకు అన్న ప్రశ్నకు ఒక పేజీ జవాబు. ప్లేటెస్ట్ అంటే ఇదే. గేమ్స్ యూజర్ రీసెర్చర్ చేసే ఉద్యోగంలో పెద్ద భాగం ఇదే. పది నిమిషాలకే ఫోన్ లాక్కుని తానే ఆడేస్తే, వాళ్ల నాన్నగారి అనుమానం నిజమే. ఇంకొకరి మీద కూడా చేసి చూస్తానంటే మాత్రం ఆ కుర్రాణ్ణి సీరియస్‌గా తీసుకోవాల్సిందే.

గేమ్ కంపెనీల్లో పైస్థాయికి వెళ్లిన సైకాలజిస్టులు ఉన్నారు. ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్ గేమ్స్‌లో యూఎక్స్ (ఆడేవాళ్ల అనుభవాన్ని చూసే) విభాగాన్ని నడిపిన సీలియా హోడెంట్ సైకాలజీలో డాక్టరేట్ చేశారు. వాల్వ్ అనే గేమ్ కంపెనీలో మైక్ ఆంబిండర్ ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్రవేత్తగా పనిచేశారు. మన హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు స్టూడియో ఉంది, హిట్‌వికెట్ క్రికెట్ గేమ్ తయారుచేసేదీ ఇక్కడి కంపెనీయే. అయితే కోడింగ్, ఆర్ట్, టెస్టింగ్ ఉద్యోగాలతో పోలిస్తే రీసెర్చ్ పోస్టులు ఇక్కడ తక్కువ. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను నిషేధించింది కాబట్టి, అలాంటి గేములు నడిపే కంపెనీల్లో ఉద్యోగాలను లెక్కలోంచి తీసేయండి. ఇదే పనితనం బ్యాంకు యాప్‌కీ, ఆస్పత్రి యాప్‌కీ కావాలి కాబట్టి యూజర్ రీసెర్చ్ నేర్చుకున్నవాడు గేములనే నమ్ముకుని కూర్చోనక్కర్లేదు.

చదువు విషయంలో నా సలహా: ఎంపీసీని మధ్యలో వదలొద్దు. సైకాలజీలో స్టాటిస్టిక్స్ ఎంత ఉంటుందో చాలామందికి చేరాకే తెలుస్తుంది. లక్షల మంది ఏ లెవెల్ దగ్గర గేమ్ మానేస్తున్నారో డేటాలోంచి తీయగలిగేవాడికే విలువ. దీనికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోని కంప్యూటింగ్ అండ్ హ్యూమన్ సైన్సెస్ ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ. ప్రవేశం యూజీఈఈ అనే వాళ్ల ప్రవేశ పరీక్ష ద్వారా, పోటీ గట్టిగా ఉంటుంది. కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీ ఉంది. దానికి యూసీడ్ రాయాలి, పరీక్ష జనవరిలో జరుగుతుంది, అందులో బొమ్మ గీసే ప్రశ్న కూడా ఉంటుంది. ఇవి రాకపోతే దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీలో చేరి, పక్కన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు. తర్వాత ఉస్మానియాలో పీజీ సైకాలజీ, లేదా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఎంఎస్సీ. ఎప్‌సెట్‌తో (మీరన్న ఎంసెట్‌కు ఇప్పటి పేరు) బీటెక్ చేసి పీజీలో ఇటు మళ్లడం కూడా మంచి దారే, వాళ్ల నాన్నగారికి టెన్షన్ తగ్గుతుంది కూడా. లక్షల ఫీజు తీసుకుని ఏడాదిలో గేమ్ డిజైనర్‌ను చేస్తామనే ప్రైవేటు డిప్లొమాలకు మాత్రం, అక్కడ చదివినవాళ్లు చేసిన గేములను ఆడి చూడకుండా డబ్బు కట్టకండి.

ఆట గురించి భయం ఉంటే ఒక కొలత ఉంది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండీ నిద్రా చదువూ స్నేహితులూ అన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం – ఇవి సాధారణంగా ఏడాది పాటు ఉంటేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్ అంటుంది. ఆ లక్షణాలుంటే కెరీర్ కౌన్సెలర్ సరిపోడు, క్లినికల్ సైకాలజిస్టును కలవండి. లేకపోతే భోజనానికి మ్యాచ్ మొదలయ్యే ముందే పిలవండి. మధ్యలో పిలిస్తే లేవడు.