గిఫ్ట్: జర్మనీలో విషం, స్వీడన్‌లో పెళ్ళి

"గిఫ్ట్" ఇంగ్లీషులో బహుమతి, జర్మన్‌లో విషం, స్వీడిష్‌లో పెళ్ళయినవాళ్ళు. ఇవి మూడు వేరు పదాలా అని ఒకరు అడిగారు. కాదండీ, ఒక్కటే. అన్నిటికీ మూలం "ఇవ్వడం".

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉన్నప్పుడు సున్నుండల డబ్బాకి "గిఫ్ట్" అని పెద్ద అక్షరాలున్న కాగితం చుట్టి మా ఇంటి ఓనరావిడకి ఇచ్చాను. ఆవిడ అది చదివి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత అటక మీదున్న ఎలుకల మందు పెట్టె తెచ్చి చూపించింది. దాని మీద "రాటెన్‌గిఫ్ట్" అని ఉంది.

ఆ పెట్టెని మనం ఎలుకల "మందు" అంటాం చూడండి, జర్మన్‌లో జరిగిందీ దాదాపు అదే. గ్రీకులో "దోసిస్" అంటే ఇవ్వడం. వైద్యుడు ఇచ్చే మోతాదుకి ఆ పేరే వచ్చింది, మన "డోసు" అక్కడిదే. దాన్ని అనుసరించి జర్మన్లు తమ "గిఫ్ట్"ని మందు మోతాదుకి వాడారు. విషాన్ని విషమనడానికి నోరు రాక దానికీ ఆ మాటే వాడగా వాడగా, చివరికి ఆ అర్థమే నిలిచింది. పాత అర్థం "మిట్‌గిఫ్ట్"లో మిగిలింది. అంటే "వెంట ఇచ్చినది", మన కట్నం.

కొన్నేళ్ళకి స్వీడన్ వెళ్తే అక్కడి ఫారంలో "గిఫ్ట్", "ఊగిఫ్ట్" అని రెండు గడులు: పెళ్ళయిందా, కాలేదా అని. పలకడం మాత్రం "యిఫ్ట్". పిల్లనివ్వడం నుంచి వచ్చిన మాట. "మా అమ్మాయిని ఫలానా ఊరికిచ్చాం" అనే మనకి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పాత ఇంగ్లీషులోనూ ఈ మాటకి ఓలి, అంటే కన్యాశుల్కం అనే అర్థం ఉండేది. స్వీడిష్‌లో విషం కూడా "యిఫ్ట్"యే, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

డచ్చి భాషలో విరాళం "గిఫ్ట్", విషం "గిఫ్". చివరి "ట్" తీసేసి రెంటినీ విడదీసుకున్నారు. అయినా విషపూరితం అనాల్సి వచ్చేసరికి "గిఫ్టిగ్" అని ఆ "ట్" మళ్ళీ వచ్చేస్తుంది!

జర్మనీలో బహుమతి ఇచ్చేటప్పుడు "గెషెంక్" అనండి. దాని మూలమైన "షెంకెన్"కి మొదటి అర్థం తాగడానికి పోయడం. వచ్చినవాళ్ళకి ముందు గ్లాసు నింపి ఇవ్వడం నుంచే అది కానుక అయింది.