“పైసలిచ్చి మాట్లాడిపిచ్చుకునుడేంది?” అంటున్నారు

ప్రశ్న: మాది ధర్మాబాద్. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నాందేడ్‌లో ఒక సహకార పత్‌సంస్థలో (పొదుపు, అప్పుల సంఘం) 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆర్నెల్ల క్రితం బ్రాంచి మేనేజర్‌ని చేశారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. నెలనెలా జరిగే వసూళ్ల మీటింగులో పెద్దసారు ఏదైనా అడిగితే ‘హో సాహెబ్’ (అవును సార్) అని కూర్చుండిపోతాను. నేను రాత్రి కూర్చుని తీసిన లెక్కల్నే నా కింద పనిచేసే అబ్బాయి లేచి గడగడా చెప్పేస్తాడు. మెప్పు అతనికి. ఉద్యోగంలో మాటతీరు, పనితీరు దిద్దుకోవడానికి సాయపడే ఒక కోచ్ పుణెలో ఉన్నారని తెలిసింది, ఆన్‌లైన్‌లో 12 సెషన్లకు 36,000 అన్నారు. మావారిది మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారం). “పైసలిచ్చి మాట్లాడిపిచ్చుకునుడేంది? నాకెవరున్నరు కోచ్?” అని నవ్వారు. పెళ్లికి ముందు ఆయన రెండేళ్లు మామయ్య దగ్గరి పాత మునీం (లెక్కల గుమాస్తా) పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. అత్తమ్మ అయితే నాకేదో అయిందని భయపడుతోంది. మీటింగ్ ముందు రాత్రి నిద్ర పట్టదు. చెప్పకుండా నా జీతంలోంచి కట్టేద్దామా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ మునీం. “నాకెవరున్నరు” అన్న మీవారికి రెండేళ్లు అచ్చంగా కోచే ఉన్నాడు. పక్కన కూర్చుని, పని చేస్తుంటే చూసి, తప్పినచోట ఆపి చెప్పేవాడు. అతని జీతం మీ మామగారు ఇచ్చారు కాబట్టి అది ఫీజులా కనబడలేదు. మీకు మేనేజర్ కుర్చీ ఇచ్చారు గానీ, పక్కన ఇంకో కుర్చీ ఎవరూ వేయలేదు. మీరిప్పుడు వెతుక్కుంటున్నది ఆ రెండో కుర్చీని. అందులో మతి చెడటం ఏముంది?

అతుల్ గవాండే అమెరికాలో పేరున్న సర్జన్. వాళ్ల నాన్నగారిది మీ పక్క జిల్లా యవత్మాల్‌లోని ఉటి. సర్జన్‌గా ఎనిమిదేళ్లు గడిచాక తన పనితనం పెరగడం ఆగిపోయిందనిపించి, ఒకప్పుడు తనకు నేర్పిన రిటైర్డ్ సర్జన్‌ని ఆపరేషన్ థియేటర్‌కి పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. దీని గురించి ఆయనే 2011లో రాశారు. ఆపరేషన్ బాగానే జరిగిందని ఆయన అనుకుంటే పెద్దాయన కాగితం నిండా చిన్నచిన్న లోపాలు రాసుకొచ్చారు. నీ మోచెయ్యి మాటిమాటికీ భుజందాకా లేస్తోంది, అప్పుడు చెయ్యి నిలకడగా ఉండదు; లైటు గాయం మీంచి పక్కకి జరిగి అరగంటైనా నువ్వు చూసుకోలేదు. ఎన్నేళ్ల అనుభవమున్నా తన మోచెయ్యి తనకి కనబడదు మరి. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక పేషెంటు “ఆయనెవరు?” అని అడిగితే గవాండే తడబడ్డారు, ముందు సహోద్యోగి అని చెప్పి, చివరికి ‘కోచ్ లాంటివారు’ అన్నారు. అంతటాయనకీ ఆ మాట చెప్పడానికి మొహమాటమే.

నాకూ ఇలాంటిది జరిగింది. సలహాలిచ్చే ఈ వృత్తికి కొత్తలో మా సీనియర్ ఒకావిడ నేను ఒకరితో మాట్లాడుతుంటే మూలన కూర్చుని విన్నారు. అయ్యాక ఒక్క మాటే అన్నారు: “వాళ్లు సగంలో ఉండగానే నువ్వు ‘అర్థమైంది’ అంటున్నావు, లెక్కపెట్టాను, పదకొండుసార్లు.” ఇంట్లో ఎవరూ నాకు ఆ సంగతి చెప్పలేదు. ఇంట్లోవాళ్లకి మన మీద ప్రేమ ఉంటుంది, దాంతోపాటు మన నిర్ణయాల్లో వాటా కూడా ఉంటుంది. మీరు మేనేజర్‌గా నిలదొక్కుకుంటే సాయంత్రం వంట ఆలస్యమౌతుందేమోనని అత్తమ్మకి లోపల ఎక్కడో ఉండొచ్చు. అది తప్పనను. అలాంటి వాటా ఏదీ లేని మనిషి ఒకరు కావాలి, అంతే.

అయితే పుణె కోచ్‌కి రేపే డబ్బు పంపకండి. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సేమీ అక్కర్లేదు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అని 1995 నుంచి ఒక సంస్థ ఉంది. వాళ్లిచ్చే మొదటి మెట్టు గుర్తింపుకే 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి. ఆ గుర్తింపు ఉందా అని అడగండి. ఉన్నంత మాత్రాన మంచి కోచ్ అని కాదు, లేకపోతే ఏం చదివారో, ఎవరితో పనిచేశారో ఇంకాస్త గట్టిగా అడగాలి. “నెలలో ధైర్యం గ్యారంటీ” అంటే ఫోన్ పెట్టేయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ భాషలో మాట్లాడతారో కనుక్కోండి. మీరు తెలుగులో ఆలోచించి మరాఠీలోకి మార్చుకునేలోపే ఆ అబ్బాయి లేచేస్తున్నాడు. ఆ కోచ్ ఇంగ్లీషులో నడిపితే మీ నెత్తిన మూడో భాష పడుతుంది. మరాఠీలోనే మీతో ఉత్తుత్తి మీటింగు నడిపి, మీరు ‘హో సాహెబ్’ దగ్గర ఆగిన క్షణాన్ని పట్టుకోగలిగేవాళ్లు కావాలి.

ఈ పరీక్షంతా మీవారి చేత చేయించండి. వాదించకండి. బస్తా మూతి విప్పి, చెయ్యి అడుగుదాకా పెట్టి, కాయ విరిచి చూడందే ధర చెప్పని మనిషి కదా! కోచ్‌తో మొదట మాట్లాడేటప్పుడు పక్కన కూర్చోమనండి. చాలామంది ఆ మొదటి మాటలకు డబ్బు తీసుకోరు. తర్వాత మూడు సెషన్లకే, అంటే 9,000 మాత్రమే కడతామని బేరం పెట్టండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోవచ్చు. సెషన్లలో మాత్రం మీవారు ఉండకూడదు, ఆ సంగతి ముందే చెప్పేయండి.

చెప్పకుండా కట్టడం వద్దు. జీతం మీది, హక్కూ మీదే. కానీ వారానికోసారి తలుపేసుకుని ఎవరితోనో మాట్లాడుతూ దాన్ని దాచడం మొదలుపెడితే మీటింగ్ భయానికి ఇంటి భయం తోడౌతుంది. నిద్ర గురించి కూడా ఒక మాట. నెలకొక రాత్రి అయితే అది మీటింగ్ దిగులు, కోచ్‌తో తగ్గొచ్చు. వారంలో సగం రాత్రులు అలాగే ఉంటే, తిండి సయించకపోతే కోచ్ పని కాదది. 14416కి ఫోన్ చేయండి, మనసు బాధలకు సాయం చేసే ఆ ఫోన్ సేవని టెలిమానస్ అంటారు. 2022 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది, ఉచితం, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు.

కోచ్ ఎవరైనా సరే, మొదటి సెషన్‌కి ఒక కాగితం పట్టుకెళ్లండి. కిందటి మీటింగులో పెద్దసారు అడిగిన ప్రశ్న, మీరన్న ‘హో సాహెబ్’, దాని కింద మీరు చెప్పాల్సిన రెండో వాక్యం. మరాఠీలోనే రాయండి.